దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు: వర్తకంలో రూపకళ

వర్తకుడు తన సరుకును గూర్చి చెప్పే నోటిమాట అంగడి గడప దాటి ఎంతో దూరం పోదు. సరుకు మాత్రం ఊళ్ళు దాటి, భాషలు మారి, వర్తకుని ముఖం ఎన్నడూ చూడని వారి చేతికి చేరుతుంది. అక్కడ ఆయన పక్షాన మాట్లాడేవి సీసాపై అతికించిన చీటీ, దాని రంగు, పేరు వ్రాసిన అక్షరాల తీరు, పత్రికలో వెలువడే ప్రకటన. వీటిని తీర్చిదిద్దే విద్యను పూర్వం వాణిజ్య చిత్రకళ అనేవారు. నేడు గ్రాఫిక్ డిజైన్ అంటున్నారు. ఈ విద్యకు కళాశాలలు, పట్టాలు ఏర్పడక పూర్వమే దాని మర్మాన్ని గ్రహించి, దానివల్ల గడించిన ధనాన్ని జాతి సేవకు ధారపోసిన తెలుగు వర్తకుడొకరున్నారు. ఆయన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. పత్రికాధిపతిగా, దేశభక్తుడుగా, దాతగా ఆయన కీర్తి మనకు పరిచితమే. వర్తకుడుగా ఆయన ప్రజలతో ఏ విధంగా మాట్లాడారన్నది మాత్రం వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ప్రత్యేకంగా పరిశీలించదగిన విషయం.

నాగేశ్వరరావుగారు 1867 మే 1వ తేదీన కృష్ణా జిల్లాలో జన్మించారు. తల్లిదండ్రులు శ్యామలాంబ, బుచ్చయ్యగార్లు. బాల్యవిద్య స్వగ్రామంలోను, తరువాతి చదువు మచిలీపట్టణంలోను సాగింది. అనంతరం మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో పట్టభద్రులయ్యారు. కందుకూరి వీరేశలింగంగారి వ్రాతల ప్రభావం ఆ విద్యార్థి మనసుపై గాఢంగా పడింది. అచ్చుయంత్రం ద్వారా వెలువడిన మాట సంఘాన్ని కదిలించగలదన్న ఎరుక ఆయనకు ఆ వయసులోనే కలిగిందనుకోవచ్చు.

నాటి పట్టభద్రులకు సర్కారు కొలువే పరమావధి. నాగేశ్వరరావుగారు ఆ దారిన పోలేదు. కలకత్తా వెళ్ళి మందుల వ్యాపారంలో పని నేర్చుకున్నారు. ఔషధాల తయారీని, అమ్మకపు మెళకువలను అక్కడ అభ్యసించి బొంబాయి చేరారు. అక్కడ ఒక కంపెనీలో పనిచేస్తూ వర్తకపు లోతుపాతులు తెలుసుకున్నారు. 1893లో తలనొప్పి, ఒళ్ళునొప్పులకు పైపూతగా వాడే ఒక లేపనాన్ని తయారుచేసి విక్రయించసాగారు. అదే అమృతాంజనం.

ఆనాటి బొంబాయిని కొంచెం ఊహించుకోవాలి. రేవులో మాంచెస్టరు బట్టల తానులు దిగేవి. ఒక్కొక్క తానుపై ఏనుగో, నెమలియో, దేవతామూర్తియో ముద్రించిన రంగుల చీటీ ఉండేది. ఆంగ్లాక్షరాలు చదవలేని కొనుగోలుదారు ఆ బొమ్మను గుర్తుపెట్టుకొని అదే రకం బట్టను మళ్ళీ అడిగేవాడు. 1894లో రవివర్మ తన చిత్రాల ముద్రణశాలను నెలకొల్పినది కూడా బొంబాయిలోనే. రాజమందిరాలలో ఉండవలసిన చిత్రాలు ఆ ముద్రణశాల మూలంగా సామాన్యుల గోడలెక్కాయి. ఆ రకపు బొమ్మలే తరువాత వర్తకుల క్యాలెండర్లపై దేశమంతటా వ్యాపించాయి. సీమలో 1875లో వ్యాపార చిహ్నాల చట్టం రాగా, మరుసటి సంవత్సరం బాస్ అనే బీరు కంపెనీవారి ఎర్ర త్రికోణం మొట్టమొదటి చిహ్నంగా నమోదైంది. చిహ్నం కూడా ఆస్తియేనన్న భావం లోకంలో అప్పుడే స్థిరపడుతున్నది. అటువంటి కాలంలో, అటువంటి నగరంలో మన తెలుగు పట్టభద్రుడు తన సీసాతో సంతలోనికి ప్రవేశించారు.

ఆయన చేసిన మొదటి రూపకల్పన ఆ పేరే. అమృతం, అంజనం అనే రెండు మాటలూ సంస్కృతం నుండి వచ్చినవి. మరాఠీవానికి, గుజరాతీవానికి, వంగీయునికి, తమిళునికి, తెలుగువానికి అవి ఇంచుమించు ఒకే అర్థంతో తెలిసిన మాటలు. ఏ భాషలోనికీ అనువదించవలసిన పని లేదు. ఏ లిపిలో వ్రాసినా ధ్వని మారదు. ఒక ప్రాంతపు సరుకును దేశమంతటా అమ్మదలచిన వర్తకునికి ఇంతకు మించిన సౌలభ్యం ఏముంటుంది? దొరల మందులే గొప్పవన్న భ్రమ ప్రబలి ఉన్న రోజులలో, చదువుకున్న యువకుడు ఆంగ్ల నామాన్ని ఆశ్రయించకుండా దేశీయ నామాన్ని ఎన్నుకోవడం గమనింపదగినది. స్వదేశీ ఉద్యమం 1905లో ఉధృతమైనప్పుడు ఆ పేరు వర్తకానికీ, దేశాభిమానానికీ ఒకే గుర్తుగా నిలిచింది. కాలక్రమాన తెలుగిండ్లలో ఆ పేరు ఒక కంపెనీ సరుకు పేరుగా గాక, ఆ జాతి లేపనానికంతటికీ సామాన్య నామమైపోయింది.

రెండవది సరుకు రూపం. చిన్న గాజు సీసా, అందులో పసుపు వన్నె లేపనం, మూత తీయగానే గుప్పుమనే ఘాటు. ధర తొలినాళ్ళలో పది అణాలు. 1931 జనగణన నాటికి సైతం ఈ దేశంలో అక్షరాస్యులు నూటికి పదిమంది లోపే. తక్కిన తొంభైమందికి సీసాపై వ్రాత కేవలం గీతల సముదాయం. వారు సరుకును గుర్తించేది రంగును బట్టి, ఆకారాన్ని బట్టి, వాసనను బట్టి. కనుక ఆ రూపాన్ని మాటిమాటికీ మార్చే వర్తకుడు తన ఖాతాదారును తానే పోగొట్టుకుంటాడు. పసుపు లేపనమనే గుర్తింపు అమృతాంజనానికి తరతరాలుగా నిలిచి ఉండడం వెనుక ఉన్న సూత్రం ఇదే. మనదేశంలో వ్యాపార చిహ్నాల చట్టం 1940లో గాని రాలేదు. పంతులుగారు అప్పటికి రెండేళ్ళ క్రితమే కీర్తిశేషులయ్యారు. అంటే ఆయన జీవితకాలమంతా ఆ సీసాకు నమోదు పత్రపు అండ లేదు. జనం కంటికి అలవాటైన రూపమే దానికి పెద్ద కాపలా.

మూడవది నమూనా పంపకం. సంగీత సభలలో కూర్చున్న శ్రోతలకు అమృతాంజనాన్ని ఉచితంగా పంచిపెట్టే ఏర్పాటు పంతులుగారు చేశారు. ఇందులోని యుక్తి పరిశీలించదగినది. గంటల తరబడి సాగే కచేరీలో తలనొప్పి సహజం. వచ్చినవారు ఊరిలో పలుకుబడి కలవారు; ఇంటికి వెళ్ళి నలుగురికి చెప్పగలవారు. మందు ఫలితం అక్కడికక్కడే తెలిసిపోతుంది. మరునాడు అంగడిలో అదే సీసా కనిపించగానే చేయి దానంతటదే చాచుకుంటుంది. ప్రకటనలో చేసిన వాగ్దానాన్ని, సీసా రూపాన్ని, స్వానుభవాన్ని ఒకే చోట ముడివేసిన పద్ధతి ఇది. నేటి వాణిజ్య గ్రంథాలు నమూనాల వితరణను గూర్చి అధ్యాయాలకు అధ్యాయాలు వ్రాస్తున్నాయి. పంతులుగారు దానిని ఆచరణలోనే నేర్చుకొని ఆచరణలోనే చూపారు.

ఈ విధంగా వచ్చిన ధనం ఏ దారిన పోయిందన్నది ఆయన జీవితంలోని రెండవ ఘట్టం. 1907లో సూరత్ కాంగ్రెసు సభల అనంతరం తెలుగువారికి తమదైన ఒక వార్తాపత్రిక ఉండాలన్న సంకల్పం ఆయనలో బలపడింది. 1908లో బొంబాయి నుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. తెలుగుదేశానికి అంత దూరాన తెలుగు పత్రిక నడపడం సాహసమే. 1914లో కార్యస్థానాన్ని మద్రాసుకు మార్చి, ఏప్రిల్ 1వ తేదీ నుండి దానిని దినపత్రికగా వెలువరించారు. కొద్ది నెలలకే మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైంది. దూరదేశాల వార్తలకై ఎదురుచూచే తెలుగు పాఠకునికి ఆంధ్రపత్రిక నిత్యావసరమైంది. పత్రిక నష్టాలను అమృతాంజనపు లాభాలు భరించాయి. పత్రిక పుటలు అమృతాంజనం పేరును పల్లెపల్లెకూ మోశాయి. ఒకదాని నమ్మకం మరొకదానికి పెట్టుబడి అయింది.

పత్రికకు కూడా ఒక ముఖం ఉంటుంది. శీర్షికలోని అక్షరాల పొందిక, పుటల కూర్పు, ప్రకటనలకు కేటాయించిన చోటు, ఇవన్నీ పాఠకునికి రోజూ పరిచయమయ్యే ముఖకవళికలు. ఉర్దూ చదివే మన విద్యార్థులకు ఈ విషయం వేరుగా చెప్పనక్కరలేదు. ఉర్దూ పత్రికలు బహుకాలం కాతిబులు స్వహస్తాలతో వ్రాసిన నస్తాలీఖు లిపిని రాతిపై దించి అచ్చువేసినవే. మద్రాసులో 1927లో ప్రారంభమైన ముసల్మాన్ పత్రిక దశాబ్దాల తరబడి చేతివ్రాతతోనే వెలువడింది. ఆ వ్రాత అందమే ఆ పత్రిక గౌరవానికి గుర్తు. తెలుగు పత్రికకు సీసపు అచ్చులు ఉన్నా, పంతులుగారు అక్షరంతో తృప్తి చెందలేదు. ఆంధ్రపత్రిక సంవత్సరాది సంచికలు ఆయన అభిరుచికి నిదర్శనాలు. ఉగాది వచ్చిందంటే వ్యాసాలు, కవితలు, చిత్రాలు కలిసిన ఆ పెద్ద సంచిక కొరకు విద్యావంతుల ఇళ్ళు ఎదురుచూచేవి. 1924 జనవరిలో ఆయన స్థాపించిన భారతి మాసపత్రిక సాహిత్యంతోపాటు చిత్రకళకూ వేదిక అయింది. తెలుగులో వ్యంగ్య చిత్రకళకు ఆద్యుడని పేరొందిన తలిశెట్టి రామారావుగారి బొమ్మలు అందులో వెలువడ్డాయి. బొమ్మ అన్నది పుట నింపడానికి వేసే అలంకారం మాత్రమే అని నమ్మినవారైతే ఆయన దానికి అంతటి తావు ఇచ్చి ఉండేవారు కాదు.

1926లో ఆంధ్ర గ్రంథమాలను ప్రారంభించి ప్రాచీన కావ్యాలను, ఆధునిక రచనలను తక్కువ వెలకు అచ్చువేయించారు. గ్రంథాలయోద్యమానికి ఉదారంగా విరాళాలిచ్చారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అనేక సంవత్సరాలు అధ్యక్షులుగా ఉన్నారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని చెరసాలకు వెళ్ళారు. అక్కడ ఉండగా భగవద్గీతపై వ్యాఖ్యానం రచించారు. ప్రజలు ఆయనను దేశోద్ధారకుడని, విశ్వదాత అని పిలుచుకున్నారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది. 1936లో అమృతాంజనం సంస్థ లిమిటెడ్ కంపెనీగా మారింది.

మన ప్రాంతంతో ఆయన పేరు ముడిపడిన సందర్భం కూడా ఒకటుంది. మద్రాసు మైలాపూరులోని ఆయన నివాసం పేరు శ్రీబాగ్. 1937 నవంబరు 16వ తేదీన కోస్తా, రాయలసీమ నాయకులు ఆ ఇంట సమావేశమై ఒక ఒడంబడిక చేసుకున్నారు. కృష్ణా, తుంగభద్రా, పెన్నా జలాల వినియోగంలోను, విద్యాకేంద్రాల విషయంలోను, రాజధాని, హైకోర్టుల స్థాన నిర్ణయంలోను సీమ ప్రజల కోర్కెలకు అందులో తావు లభించింది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు ఆ రోజులలో కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు అక్కడే ఉన్నాయి. కనుక ఆ ఒడంబడిక మన పెద్దల తాగునీటికి, సాగునీటికి సంబంధించినదే. ఒకరినొకరు శంకించుకుంటున్న రెండు పక్షాలు ఒక ఇంటి కప్పు క్రింద కూర్చున్నాయంటే, ఆ గృహస్థునిపై ఉభయులకూ గల విశ్వాసం ఎంతటిదో ఊహించవచ్చు. సీసాతో సంపాదించిన నమ్మకం, పత్రికతో పెంచుకున్న నమ్మకం అక్కడ రాజకీయ వ్యవహారంలోనూ అక్కరకు వచ్చింది. ఆ తరువాత ఐదు నెలలకే, 1938 ఏప్రిల్ 11వ తేదీన పంతులుగారు పరమపదించారు. మైలాపూరు లజ్ ప్రాంతంలో ఆయన పేరిట వెలసిన ఉద్యానవనం నేటికీ ఉంది. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. అమృతాంజనం మాత్రం నేటికీ అంగళ్ళలో లభిస్తున్నది. 2007లో సంస్థ పేరు అమృతాంజన్ హెల్త్‌కేర్‌గా మారినా సరుకు పేరు మారలేదు.

ఇటువంటి చరిత్ర మరెక్కడైనా ఉన్నదా అని వెదికితే ఒక ఆశ్చర్యకరమైన సామ్యం కనిపిస్తుంది. రంగూనులో జన్మించిన ఆవ్ బూన్ హావ్ అనే చైనా సంతతి వర్తకుడు పులి బొమ్మ గల లేపనాన్ని ఆగ్నేయాసియా అంతటా అమ్మి, 1929లో సింగపూరులో చైనా భాషా దినపత్రికను నెలకొల్పాడు. లేపనమే పత్రికను పోషించింది. పత్రిక లేపనాన్ని ప్రచారం చేసింది. మన దేశంలోనే 1906లో హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్‌గారు ఢిల్లీలో హమ్‌దర్ద్ దవాఖానాను స్థాపించారు. వారి రూహ్ అఫ్జా షర్బతు సీసాకు మీర్జా నూర్ అహ్మద్ అనే చిత్రకారుడు పూలు, పండ్లతో రంగురంగుల చీటీని తీర్చాడు. రంజాను సాయంకాలం దస్తర్‌ఖానుపై ఆ సీసాను దూరం నుండి చూచి గుర్తుపట్టని వారుంటారా? ముగ్గురూ ఇంచుమించు ఒకే కాలపువారు. ముగ్గురి సరుకూ సామాన్యుని చేతికి అందేదే. ముగ్గురూ రూపాన్ని సరుకుతో సమానంగా చూచినవారే.

అయితే రూపకళకు మరొక వైపు కూడా ఉంది. ఏ సుగుణమూ లేని మందుకు సైతం అందమైన చీటీ అతికించవచ్చు. సర్వరోగ నివారిణులని చెప్పుకొనే మందుల ప్రకటనలు ఆనాటి పత్రికలలో కొల్లలు. వాటి మోసాన్ని అరికట్టడానికి ప్రభుత్వం 1954లో మందులు, మాయ చికిత్సల ప్రకటనలపై ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. ఆ మందులలో అనేకం పేరు కూడా మిగలకుండా పోయాయి. చీటీ ఒకసారి కొనిపించగలదు. రెండవసారి కొనిపించవలసింది సరుకే. పంతులుగారి సీసా నిలిచిందంటే, చీటీ చెప్పిన మాటకు లోపలి లేపనం ఎదురు చెప్పనందువల్లనే.

ఇక మన ఊరి మాటకు వద్దాం. మార్కాపురం పలకపై అక్షరాలు దిద్దిన తరాలు దేశంలో ఎన్ని ఉన్నాయో లెక్కించలేము. భూమిలో నుండి పొరలు పొరలుగా తీసిన రాతిని పలుచగా చీల్చి, కోసి, నునుపు చేసి, చట్రం బిగించిన శ్రమ మన కార్మికులది. వారిలో హిందువులూ ముస్లిములూ ఉన్నారు. స్త్రీలూ పురుషులూ ఉన్నారు. కాగితపు నోటుపుస్తకాలు చౌకై, ఇతర రకాల పలకలు వచ్చి, ఆ గిరాకీ క్షీణించింది. క్షీణించడానికి కారణాలు అనేకం. వాటినన్నిటినీ ఒక చీటీ మార్చగలదని చెప్పడం అత్యాశ. కాని ఒక ప్రశ్న మాత్రం మిగులుతుంది. ఆ పలకను ఒడిలో పెట్టుకొని ఓనమాలు దిద్దిన ఎందరు బిడ్డలకు అది ఏ ఊరి రాయో తెలుసు? లేపనం పూసుకున్నవానికి అమృతాంజనం అనే పేరు గుర్తుంది. పలక పట్టినవానికి మార్కాపురం అనే పేరు ఎందుకు గుర్తు లేదు? రాయిలో లోపం లేదు. పనితనంలో లోపం లేదు. ఆ రెంటినీ గూర్చి కొనుగోలుదారుతో మాట్లాడే రూపం మాత్రమే కొరవడింది.

నేడు ఇండ్ల గోడలకు, నేలలకు, అలంకరణకు ఈ రాయి దూరప్రాంతాలకు పోతున్నది. పేరులేని సరుకుకు వెల నిర్ణయించేది కొనేవాడు. పేరున్న సరుకుకు వెల చెప్పగలిగేది అమ్మేవాడు. మన కళాశాలలో వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థులున్నారు. రెండు భాషలలో, రెండు లిపులలో అందంగా వ్రాయగల చేతులున్నాయి. తెలుగులోను, ఉర్దూలోను, ఆంగ్లంలోను మార్కాపురం అనే పేరును ఒకే చిహ్నంలో పొందుపరచి, చిన్న వర్తకుడు సైతం వాడుకొనగల చీటీని రూపొందించడం అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చేపట్టదగిన పని. కళాశాల కార్యవర్గంవారు వార్షికోత్సవంలో వ్యాసరచన, వక్తృత్వ పోటీలతోపాటు దీనికీ ఒక బహుమతి కేటాయిస్తే బాగుంటుంది. పంతులుగారు పట్టభద్రులై బయటికి వచ్చిన నాటికి ఆయన వయసు ఇరవైనాలుగు. అమృతాంజనం వెలసిన నాటికి ఇరవైఆరు. మన తరగతి గదులలో కూర్చున్నవారు ఆ వయసుకు ఎంతో దూరంలో లేరు.